ఓరిక్స్ దూడను నేను కాపాడిన కథ, కుక్కలు తీసేసి

పదకొండేళ్ళు ఆఫ్రికా సఫారీ బండి నడిపిన మనిషిని నేను. జిరాఫీలు నా భుజం మీద తల ఆనించి కునుకు తీసేవి. మూరెడు కొమ్ములు దించుకుని మీదికి వస్తున్న జంతువును ఒక్క అదిలింపుతో వెనక్కి పంపిన రోజులున్నాయి.

ఇప్పుడు కాస్త తగ్గిస్తాను. పదకొండేళ్ళు కాదు, ఆరు. జిరాఫీ నా భుజం మీద తల ఆనించలేదు, నా టోపీ తినేసింది. కొమ్ముల జంతువును అదిలించిన మాట నిజమే కానీ, అప్పుడు నేను బండి లోపల ఉన్నాను, అద్దాలు ఎక్కించి. ఇక ఆఫ్రికా సంగతి. నేను ఆఫ్రికాలో కాలు పెట్టలేదు. నా ఆఫ్రికా బహ్రెయిన్‌లోనే ఉండేది. రిఫా దాటి ఎడారి దారిలో దక్షిణంగా పావుగంట పోతే వచ్చేది.

గల్ఫ్‌లో కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పనిలో గొప్పలు చెప్పుకోవద్దని మీకు నీతులు చెప్పను. నాకే చేతకాని పని మీకెందుకు చెప్పడం? ఒక గొప్ప ఎంత దూరం పోగలదో మాత్రం చెప్తాను. నాది ఒక జీవం ప్రాణం మీదికి పోయింది.

మా కఫీల్‌కు, అంటే మాకు వీసా ఇచ్చిన యజమానికి, జంతువులంటే ప్రాణం. ఎడారిలో తనకున్న పెద్ద జాగాకు కంచె వేయించి, ఆఫ్రికా నుంచి జీబ్రాలు, ఉష్ట్రపక్షులు, రెండు జిరాఫీలు, వంకర కొమ్ముల ఓరిక్స్ మంద ఒకటి తెప్పించాడు. తెల్లటి ఒళ్ళు, ఇటుక రంగు మెడ, వెనక్కి కత్తుల్లా వంగిన కొమ్ములు. మేకకూ గుర్రానికీ మధ్య ఎక్కడో ఆగిపోయినట్టు ఉంటుంది ఓరిక్స్. సెలవు రోజుల్లో బడిపిల్లలూ, కుటుంబాలూ వచ్చేవాళ్ళు. సింహం ఏదని అడిగేవాళ్ళకు గేటు దగ్గరి సిమెంటు సింహాన్ని చూపించేవాళ్ళం.

అంతకుముందు పదహారేళ్ళు నేను సల్మాబాద్ క్యాంపు నుంచి కూలీల బస్సు నడిపాను. ఒకరోజు కఫీల్ మనిషి వచ్చి, డ్రైవింగ్‌తో పాటు జంతువుల సంగతి తెలిసినవాడు ఎవడైనా ఉన్నాడా అని అడిగాడు. నేను చెయ్యెత్తాను. ఆఫ్రికా జంతువులు తెలుసా అన్నాడు. అన్నీ తెలుసన్నాను. నాకు తెలిసినవి గొర్రెలు. మాది జగిత్యాల దిక్కు కురుమోళ్ళ ఇల్లు. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా గొర్రెల వెంట నడిచిన కాళ్ళు ఇవి. నాలుగు కాళ్ళున్నవన్నీ ఒకటేనని ధైర్యం చేశాను.

బండిలో నా పక్కన గైడ్ ఉండేవాడు. కెన్యా మనిషి, తాటిచెట్టంత పొడుగు. మనామాలో ఒక బిల్డింగుకు వాచ్‌మన్‌గా ఉండగా కఫీల్ చూసి తీసుకొచ్చాడు. మొదటిరోజే నా చెవిలో చెప్పాడు.

"మ్‌జే, నేను పుట్టింది పెద్ద పట్నంలో. జీబ్రాను మొదటిసారి ఇక్కడే చూశాను."

మ్‌జే అంటే వాళ్ళ భాషలో పెద్దాయన. మేమిద్దరం హిందీ కొంత, ఇంగ్లీషు కొంత, అరబ్బీ కొంత కలిపి మాట్లాడుకునేవాళ్ళం.

"మరి అన్నీ తెలుసని ఎట్లా చెప్పావు భాయ్?"

"నేనేం చెప్పలేదు. వాళ్ళు నన్నేమీ అడగలేదు. పాస్‌పోర్టు చూశారు, అంతే."

కానీ అతను నాలాంటివాడు కాదు. డ్యూటీ అయ్యాక ఫోన్‌లో చదివి, రాసుకుని, ఏడాది తిరిగేసరికి నిజంగానే గైడ్ అయ్యాడు. నేను మాత్రం అన్నీ తెలిసినవాడిగానే మిగిలిపోయాను.

మేత పనికి సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఉండేవాడు. పొద్దున్నే జిదాఫ్స్ మార్కెట్‌కు పోయి జిరాఫీలకు క్యారెట్లు తెచ్చేవాడు. ఎదుటివాడి మాటలో చిన్న కన్నం కనబడితే చాలు, వేలు పెట్టి పెద్దది చేసే రకం. నా అదృష్టం కొద్దీ నా గదిలోనే ఉండేవాడు. జంతువుల డాక్టరు సూడాన్ ఆవిడ. పొట్టి మనిషి, దళసరి కళ్ళద్దాలు. మా అందరిలో ఆఫ్రికాలో జంతువుల మధ్య పెరిగింది ఆవిడ ఒక్కతే. సఫారీ గురించి రెండు మాటలు చెప్పమని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

చలి తగ్గి, ఎండ ముదరకముందు ఓరిక్స్‌లు ఈనేవి. జనం ఎక్కువగా వచ్చేదీ అప్పుడే. ఆ రోజుల్లో డాక్టరమ్మ తప్ప ఇంకెవరూ కంచె లోపల బండి దిగకూడదని రూలు. మాతో కాగితం మీద సంతకాలు కూడా తీసుకున్నారు. ఇంగ్లీషు కాగితం కదా, నాకు అర్థం కాదేమోనని ఆవిడ వేలు చూపించి మరీ చెప్పింది.

"దిగితే ఖలాస్."

ఒక గురువారం పొద్దున, జనం రాకముందు, నేనూ గైడూ ఒక చుట్టు వేసి వస్తున్నాం. దక్షిణం వైపు ముళ్ళ పొదల కింద ఇసుక కొంచెం ఎత్తుగా కనిపించింది. బండి ఆపి చూస్తే ఇసుక కాదు, దూడ. తల్లుల్లా తెల్లగా ఉండదు ఓరిక్స్ దూడ, అచ్చం ఇసుక రంగు. చెవులు వెనక్కి వేసి, గడ్డం నేలకానించి, రాయిలా పడి ఉంది. చుట్టుపక్కల తల్లి లేదు. మంద అంతా దూరంగా నీళ్ళ తొట్టి దగ్గర ఉంది.

మీలో గొర్రెలు కాసిన ఇళ్ళవాళ్ళు ఉంటే మీకు తెలిసే ఉంటుంది. మేత దారిలో గొర్రె ఈనితే మంద ఆగదు. కాపరి పిల్లను గొంగడిలో చుట్టుకుని భుజాన వేసుకుంటాడు. పిల్ల అరుస్తుంటే తల్లి ఆ వెనకాలే నడిచి వస్తుంది. మా నాయిన ఒక్కోరోజు మూడు పిల్లల్ని మోసుకొచ్చేవాడు, మూడు తల్లులు ఆయన మడమలు వాసన చూస్తూ వచ్చేవి. పుట్టిన పిల్ల ఒంటరిగా నేల మీద పడి ఉందంటే మాకు తెలిసిన అర్థం ఒకటే. తల్లి వదిలేసింది, లేదా చచ్చిపోయింది.

నా చెయ్యి తలుపు మీదికి పోయింది.

"మ్‌జే, రూలు," అన్నాడు గైడ్.

"రూలు రాసినోళ్ళు గొర్రెలు కాయలేదు భాయ్."

దిగాను. సీటు కింది కంబళి తెచ్చి దూడను చుట్టాను. పది కిలోల బియ్యం సంచంత బరువుంది. అది అరవలేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది, గొర్రెపిల్ల అయితే ఈపాటికి ఊరంతా వినబడేలా అరిచేది. అది అరవట్లేదు కదా అని దాని బదులు నేనే అరిచాను. బండిని నడక వేగంతో పోనిస్తూ, కిటికీలోంచి తల బయటపెట్టి "మ్యా" అంటూ వచ్చాను. వెనకాల ఏ తల్లీ రాలేదు. గైడ్ ముఖం అటు తిప్పుకున్నాడు. నవ్వాపుకోవడానికో, భయానికో తెలియదు.

షెడ్డు దగ్గర డాక్టరమ్మ ఎదురొచ్చింది. నా చేతుల్లోని కంబళి చూసి, "ఎవరు దిగారు?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు నేనే అని చెప్తే ఉద్యోగం పోతుంది. ఆ వయసులో వీసా రద్దయితే మళ్ళీ గల్ఫ్ ముఖం చూసేది లేదు. నా నోరు నన్ను ఎప్పుడూ ఇబ్బందిలో వదిలెయ్యదు. అదే దాని జబ్బు.

"కుక్కలు డాక్టర్. దూడ మీద పడుతుంటే దిగక తప్పలేదు."

"ఎన్ని?"

"రెండు."

"ఎక్కడ?"

కుక్కలు రావాలంటే కంచెలో సందు ఉండాలి కదా. ఉత్తరం వైపు ఒకచోట కంచె కింద ఇసుక కోసుకుపోయి సందు పడిందని అంతకు వారం ముందే అనుకున్నాం. ఆ చోటు చెప్పాను. దూడ దొరికిన పొదలకు అది కిలోమీటరు దూరం.

ఆవిడ గైడ్ వైపు చూసింది. అతను నా వైపు చూశాడు, తర్వాత తన బూట్ల వైపు. ఏమీ అనలేదు. ఆ మౌనం నా మీద ప్రేమతోనే అని నాకు తెలుసు.

మధ్యాహ్నం కఫీల్ వచ్చాడు. ఆయనకు చెప్పేటప్పుడు కుక్కలు మూడయ్యాయి. ఒకటి నా ప్యాంటు పట్టుకుంది. సాయంత్రం ఆయన అన్నదమ్ములు చూడ్డానికి వస్తే నాలుగయ్యాయి. అందులో ఒకటి నల్లటిది, దూడంత ఎత్తు. కఫీల్ నన్ను అతిథులు కూర్చునే మజ్లిస్‌లో తన పక్కన కూర్చోబెట్టి, తన చేత్తో కహ్వా కాఫీ పోసి ఇచ్చాడు. "నువ్వు డ్రైవర్‌వి కాదు, కాపరివి," అన్నాడు. ఇరవై రెండేళ్ళ గల్ఫ్ బతుకులో నన్ను ఎవరైనా నా ఇంటి పనితో పిలవడం అదే మొదటిసారి. గుండె ఇంత అయింది. అబద్ధమని గుర్తుంది, అయినా అయింది.

మేత తమ్ముడు గదిలో చాయ్ పోసుకుంటూ అడిగాడు.

"అన్నా, పొద్దుగాల రెండన్నవు. ఇప్పుడు నాలుగంటున్నరు. మాపటికి గవి గూడ పిల్లల్ని పెడ్తయా ఏంది?"

"నువ్వు జూసినవా? నీకేం ఎరుక?"

"నేను జూడలే. నీ ప్యాంటు జూస్తున్న. కుక్క పట్టిందన్నవు గదా, ఒక్క దారం గూడ పోలే. మంచి కంపినీ ప్యాంటే తీసుకున్నవన్నా."

ఇక్కడిదాకా నవ్వొచ్చే కథే. కానీ నేను మాటలు పెంచుకుంటున్నంతసేపూ డాక్టరమ్మ నా మాట నమ్మి పని చేస్తోంది. కంచె సందు మూయించింది. తల్లి తన దూడను వెతుక్కుంటూ దాన్ని పోగొట్టుకున్న చోటికే వస్తుంది కాబట్టి, గురువారం మధ్యాహ్నం దూడను ఉత్తరం కంచె దగ్గర పడుకోబెట్టి దూరం నుంచి కాపలా కాసింది. ఏ తల్లీ రాలేదు. పొద్దుగూకే వేళకు షెడ్డుకు తెచ్చి సీసాతో పాలు పట్టబోతే అది పళ్ళు బిగించింది. శుక్రవారం తెల్లవారగానే మళ్ళీ అదే కంచె దగ్గర, మళ్ళీ అదే ఎదురుచూపు. కుక్కల భయానికి తల్లి దూడను వదిలేసుకుందని ఆవిడ అనుకుంది. అనుకోక ఏం చేస్తుంది? ఆవిడకు ఆ కుక్కల్ని ఇచ్చింది నేనే.

శుక్రవారం పది గంటలకు మేత తమ్ముడు గడ్డి వేసి వచ్చాడు. ముఖంలో నవ్వు లేదు.

"అన్నా, దక్షిణం దిక్కు ముండ్ల పొదల కాడ ఒక ఓరిక్స్ నిన్నటిసంది ఒక్కతే తిరుగుతుంది. గడ్డి ఏస్తే ముట్టలే. పొదుగు ఇంత లావైంది, పాపం నడవస్తలేదు. దూడ పోయింది ఉత్తరం కాడ గదా, గిది గిక్కడేం దేవులాడుతుంది?"

నా చేతిలో చాయ్ చల్లారిపోయింది.

గైడ్ అంతా విన్నాడు. తమ్ముడు వెళ్ళేదాకా ఆగి, నా ఎదురుగా ఇసుకలో గొంతుకూర్చున్నాడు. అంత పొడుగు మనిషి కళ్ళు నా కళ్ళకు సరిగ్గా ఎదురుగా వచ్చాయి.

"మ్‌జే, నిన్న నేను చదివాను. ఇవి గొర్రెల్లాంటివి కావు. దూడకు నడిచే బలం వచ్చేదాకా తల్లి దాన్ని పొదలో దాచిపెట్టి తను దూరంగా మేతకు పోతుంది. దగ్గరుంటే శత్రువుకు తెలిసిపోతుందని. రోజుకు కొన్నిసార్లు పాలివ్వడానికి వస్తుంది. దాచిన చోటికే వస్తుంది మ్‌జే. వేరే చోటికి రాదు."

"అయితే తల్లి దాన్ని వదిలెయ్యలేదా?"

"వదిలేస్తే అట్లా ఎందుకు తిరుగుతుంది?"

చల్లారిన చాయ్ ఇసుకలో పారబోశాను.

"గంట టైం ఇస్తాను," అన్నాడు. "మీరు చెప్పకపోతే నేను చెప్తాను. నిన్న చెప్పనందుకు నన్నూ పంపేస్తారు. పంపనీ."

గంట పట్టలేదు. అట్లా అని పరుగెత్తి వెళ్ళి చెప్పానని రాస్తే మళ్ళీ పెంచినట్టే. నలభై నిమిషాలు నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుని, నిజాన్ని కొంచెం తక్కువ అవమానంతో ఎట్లా చెప్పొచ్చో వెతికాను. కుక్కలు ఉత్తరం నుంచి తరిమితే దూడ దక్షిణానికి పరుగెత్తిందని చెప్దామనుకున్నాను. కానీ అది సరిగా నడవడమే రాని దూడ.

షెడ్డులోకి పోయేసరికి కఫీల్ ఉన్నాడు. కాపాడిన దూడను చూపించడానికి ఒక కుటుంబాన్ని పిల్లలతో సహా తీసుకొచ్చాడు. డాక్టరమ్మ మోకాళ్ళ మీద ఉంది. దూడ మెడ మీద తోలు రెండు వేళ్ళతో లాగి వదిలింది. ఆ ముడత అట్లాగే నిలబడిపోయింది. ఒంట్లో నీళ్ళు అయిపోతే తోలు అట్లా నిలుస్తుంది, ఆ సంగతి గొర్రెల్లో నేనూ చూశాను. దాని కళ్ళు లోపలికి పోయాయి.

"ట్యూబు వేస్తాను," అంది ఆవిడ కఫీల్‌తో. "కానీ ఇంత చిన్నదానికి తల్లి పాలు లేకపోతే నమ్మకం లేదు."

"డాక్టర్," అన్నాను. "ఆ కంచె దగ్గరికి కుక్కలు రాలేదు."

"మరి ఎక్కడికి వచ్చాయి?"

"ఎక్కడికీ రాలేదు."

ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "ఎన్ని కుక్కలు?"

"ఒక్కటి కూడా లేదు. అది పొద కింద పడుకుని ఉంది. తల్లి వదిలేసిందనుకుని నేనే ఎత్తుకొచ్చాను. పొద దక్షిణం వైపు. తల్లి అక్కడే తిరుగుతోంది."

కఫీల్ పక్కనున్న చిన్నపిల్ల నన్ను చూసి, తర్వాత కఫీల్‌ను చూసి, "నల్ల కుక్క కూడా లేదా?" అంది. కఫీల్ ముఖంలో కోపం కోసం చూశాను. కోపం ఉంటే బాగుండేది. నిన్న తన చేత్తో కహ్వా పోసిన కప్పును తలుచుకుంటున్నట్టు ఉన్నాడు.

డాక్టరమ్మ అరవలేదు. చేతి తొడుగులు తీసి పారేసి లేచింది. "చోటు చూపించు. యల్లా."

కఫీల్ ఆ రోజు సఫారీ ఆపించేశాడు. గేటు బయట బస్సులు నిలబడే ఉన్నాయి. నాతో ఒక్క మాటే అన్నాడు. "నీ సంగతి రేపు."

ఆ రేపటి సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, మీరు అదే ఆలోచిస్తూ చదవకుండా. నన్ను పంపెయ్యలేదు. గైడ్‌నూ పంపలేదు. సీజన్ అయిపోయేదాకా నా చేతి నుంచి బండి తీసేసి మేత తమ్ముడి కింద తొట్లు కడిగే పనిలో వేశారు. "మా కొత్త హెల్పరుకు జంతువులన్నీ తెలుసు" అని వచ్చిన ప్రతివాడికీ వాడు నన్ను పరిచయం చేశాడు. అది చాలు శిక్ష.

ఇక ఆ మధ్యాహ్నం. గురువారం రాత్రి వీచిన గాలికి మా చక్రాల గుర్తులన్నీ పోయాయి. దక్షిణం వైపు వందల పొదలు, అన్నీ ఒక్క తీరే. గైడ్ బండి నడుపుతుంటే డాక్టరమ్మ దూడను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాపరికి ఒకసారి చూసిన చోటు మరుపు రాదని నేను ముందు నడిచి, ఒక్కసారికే ఆ పొద దగ్గర ఆగాను.

ఒక్కసారికే కాదు. మూడు పొదలు తప్పాను. నాలుగోదాన్ని పట్టించింది కూడా నా కాపరితనం కాదు. దాని చుట్టూ ఇసుక మెత్తగా నలిగి ఉంది. గిట్టల అచ్చులు గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి, లెక్కకు అందనన్ని. మధ్యలో దూడంత మేర మాత్రం ఒక్క అచ్చు లేదు. రాత్రి గాలి ఆగినప్పటి నుంచే ఆ తల్లి ఎన్నిసార్లు వచ్చి, ఆ ఖాళీ చోటును తొక్కకుండా చుట్టూ తిరిగిందో తెలుస్తోంది. గైడ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

దూడను ఆ ఖాళీలోనే పడుకోబెట్టాం. డాక్టరమ్మ అక్కడి ఇసుకే తీసి దాని ఒంటికి రుద్దింది. బండి నూరు గజాల దూరంలో ఆపి, ఇంజన్ కట్టేసి కూర్చున్నాం. ముగ్గురం. బండిలో గాలి లేదు.

రెండు గంటలకు పైగా ఏమీ కదలలేదు. తర్వాత దిబ్బ వెనక నుంచి కొమ్ములు కనబడ్డాయి. అది వచ్చింది, బండిని చూసింది, ఆగింది, వెళ్ళిపోయింది. నేను నోరు తెరవబోతే డాక్టరమ్మ చెయ్యెత్తింది. ఇంకో అరగంటకు వేరే వైపు నుంచి వచ్చింది. పొద దగ్గర తల దించింది. వాసన చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. నా వాసనే అయ్యుంటుంది అనుకున్నాను, నా చేతుల్ని చూసుకున్నాను. మళ్ళీ తల దించి మూతితో పొడిచింది. దూడ లేవలేదు. ఇంకోసారి గట్టిగా పొడిచింది. మొదట వెనకకాళ్ళు లేచాయి, తర్వాత మొత్తం దొర్లి పడిపోయింది. మూడోసారి లేచి, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పెట్టుకుని ఊగుతూ, తల్లి కడుపు కిందికి తల దూర్చింది. ముందు కాళ్ళ మధ్య వెతికింది, అక్కడేముంటుంది. తల్లి తనే ఒక అడుగు ముందుకు జరిగింది.

తోక ఊగడం మొదలైంది.

"అల్‌హమ్‌దులిల్లా," అంది డాక్టరమ్మ మెల్లగా. గైడ్ నా భుజం పట్టుకున్నాడు. ఎంత గట్టిగా అంటే, రెండు రోజులు నొప్పి ఉంది. ఇది పెంచింది కాదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. తాగడం అయ్యాక తల్లి దాని వీపంతా నాకింది. దూడ తడబడుతూ పది అడుగులు నడిచి, తనకు నచ్చిన ఇంకో పొద చూసుకుని, గడ్డం నేలకానించి పడుకుంది. తల్లి ఒక నిమిషం అటే చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, మంద ఉన్న వైపు నడుచుకుంటూ పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. దిబ్బ దాటింది. కనబడకుండా పోయింది.

ఎండ పల్చబడుతోంది. అంత ఎడారిలో అంత చిన్న జీవం, నిన్నటి నుంచి ఆకలితో మాడింది, ఒంటరిగా. గైడ్ చెప్పింది గుర్తుంది, కళ్ళారా చూసింది ఇప్పుడే. అయినా నా చెయ్యి దానంతట అది తలుపు పిడి మీదికి పోయింది. మా నాయిన చెయ్యి, వాళ్ళ నాయిన చెయ్యి, అందరివీ కలిసి నన్ను లాగుతున్నట్టే ఉంది.

డాక్టరమ్మ నా చెయ్యి వైపు చూసింది.

పిడి వదిలేశాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాను. చీకటి పడేదాకా అట్లాగే కూర్చున్నాను.